దండిగా అనకూడని ఊరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మామూలుగా లేకపోవడం కాదు. పత్తికొండ నుంచి కర్నూలు దాకా ఉన్న శ్మశానాల గోడలన్నింటి మీదా కూచుని శనక్కాయలు తిన్న మనిషిని. మా ఎరువుల అంగడి వెనక గోడౌనులో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని ఊరంతా హడలిపోతే, తలుపు తీసి, "ఏడిస్తే ఏడువు గానీ బస్తాలు తడపొద్దమ్మా" అని చెప్పి వచ్చినాను. అది పిల్లి.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. నేనేం చెప్పినా పదితో భాగించుకోవాలని మా ఇంట్లో ఒక లెక్క నడుస్తోంది. పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ కనిపెట్టింది ఈ సూత్రం. నేను త్రాచుపాము అంటే ఆమెకు వానపాము అని అర్థమవుతుంది. ఆమె తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే నాకే చప్పగా ఉంటుంది, కాస్త ఉప్పూ కారం పడాల్సిందే. కానీ ఈ ఒక్కదాన్ని మాత్రం దయచేసి భాగించుకోకండి. ఇది నేను తగ్గించి చెప్తున్నాను. తగ్గించకపోతే ఈ పూట మీకు అన్నం సయించదు.

మా అక్కను కుందూ ఒడ్డున ఒక ఊరికి ఇచ్చినారు. కర్నూలు జిల్లా అయిపోయి కడప జిల్లా మొదలయ్యే దిక్కు. ఊరి పేరు రాయను, అక్క మీద ఒట్టు పెట్టించుకుంది. నల్లరేగడి భూములు, ఎండాకాలంలో కాలు పట్టేంత నెర్రెలు. కుందూ కూడా ఏడాదిలో సగం నాళ్లు ఎవరైనా చెప్తేనే ఏరని తెలిసేలా ఉంటుంది. మిగతా సగం మాత్రం ఒడ్డునున్న దేన్నీ వదలదు.

అక్కను చూడడానికి మొదటిసారి పోయినప్పుడే నాకా ఊరి మీద అసహ్యం వేసింది. పిసినారి ఊరనుకున్నాను. మా సీమలో ఇంటికొచ్చిన మనిషి విస్తరి ముందు మొహమాటపడుతుంటే ఏమనాలి? "దండిగా ఉండాది, ఏస్కోప్పా" అనాలి. గిన్నెలో నాలుగు మెతుకులే ఉన్నా సరే, ఆ మాట అనాలి. అది మర్యాద. వాన దండిగా పడిందా, పంట దండిగా వచ్చిందా, సంతకు జనం దండిగా వచ్చినారా అనుకుంటూనే మా దగ్గర మనిషికి పొద్దు గడుస్తుంది. అట్లాంటిది మా అక్క అత్త సుబ్బమ్మ, గంపెడు సంగటి ముద్దలు పక్కనే పెట్టుకుని, "ఏదో సాలీ సాలకుండా ఉండాది నాయనా, తిను" అంది. చేతిలో ముద్ద నోటికి పోకుండా అట్లే ఆగింది నాకు.

"అంత ఉండాది గదత్తా, దండి..." అనబోయినాను. అక్క వచ్చి కూర చేత్తోనే నా నోరు మూసింది. మీసాలకు వారం పాటు గోంగూర వాసన.

తర్వాత చెప్పింది. ఆ ఊర్లో వండిన కూటి దగ్గర ఆ మాట అనరంట. పొలంలో అనుకోవచ్చు, సంతలో అనుకోవచ్చు, పొయ్యి మీది నుంచి దిగిన దాని దగ్గర మాత్రం ఎవరూ అనరు. అన్ని కులాల వాళ్లకూ అదే కట్టుబాటు. క్రిస్మస్ భోజనం ముందు ప్రార్థన చేసే పాస్టరుగారు కూడా "మాకు తగినంత ఇచ్చిన తండ్రీ" అని ఆపేస్తాడు. ప్రొద్దుటూరులో కాలేజీ చదివి, సెల్‌ఫోనులో పాటలు వింటూ తిరిగే పిల్లోళ్లు సైతం హోటల్లో దండిగా అంటారు గానీ ఊరి పొలిమేర లోపలికొచ్చినాక అనరు.

దండు అంటే సైన్యం. అన్నం దగ్గర దండిగా అంటే దండును కేకేసి పిలిచినట్టేనంట.

దీని వెనకాల కథ ఆ ఊర్లో ఎవరినడిగినా ఒకే రకంగా చెప్తారు, ఒక్క చోట తప్ప. వాళ్ల తాతలకు తాతల కాలంలో ఒక యుద్ధం పోతా పోతా ఈ ఊరి మీదుగా పోయింది. ఎవరి యుద్ధమో తేలలేదు. ఒకాయన గోల్కొండోళ్లది అంటాడు, ఒకాయన మరాఠీలది, ఒకాయన మైసూరోళ్లది, ఇంకొకాయన తెల్లోళ్లది. కుందూ పొంగి ఉండడంతో దండు దాటలేక ఒడ్డున డేరాలు వేసింది. ముందుగా గుర్రమెక్కి వచ్చినోడొకడు ఊరి పెద్దమనిషిని పిలిచి, తిండికి ఏమైనా దొరుకుతుందా అని అడిగినాడు. పక్క ఊరోళ్లు చేతులు జోడించి ఏం లేదు దేవరా అని ఏడ్చి తప్పించుకున్నారు. ఈ పెద్దమనిషికి మాత్రం మీసం అడ్డమొచ్చింది. మా ఊరంటే ఏమనుకున్నావు, దండిగా ఉండాది, ఎంతమందైనా తినండి అన్నాడు.

దండు ఆ మాట నమ్మింది. ఏరు తగ్గినా కదల్లేదు. నేలలో పాతరలు తవ్వి దాచుకున్న జొన్నలు తినింది. మేకలను తినింది, దున్నే ఎద్దులను తినింది, విత్తనాలకు పెట్టుకున్న గింజలు తినింది. ఇళ్ల మీది బోదగడ్డి పీకి గుర్రాలకు వేసింది. ఊరోళ్లు చింతగింజలు ఉడకబెట్టుకున్నారు. ఒక కత్తి దూసినోడు లేడు, ఒక తుపాకి పేలలేదు. తినడం, ఒడ్డున దొడ్డికి కూచోవడం, మళ్లీ తినడం. చివరికి ఇంక ఏమీ మిగల్లేదని తేలినాక చచ్చిన గుర్రాలను మడుగులో దొర్లించి, ఏరు దాటి పోయింది. ఆ నీళ్లు తాగి వాంతులూ బేదులతో ఊరు సగం పోయింది. ఆ మడుగున్న చోటును ఇప్పటికీ గుర్రాలగుంత అంటారు. దాని పక్కన గుంత తీస్తే తుప్పు పట్టిన నాడాలు, అరచేతిలో నిండేంత గుర్రాల నోటి పండ్లు వస్తాయి. పసుపు రంగు పండ్లు. ఒకటి నా చేతిలో పెట్టినారు. చెయ్యి మట్టితో తోముకున్నాను.

ఇదంతా విని నేనేం చేసినాను? నవ్వినాను. పత్తికొండకొచ్చి అంగడిలో కూచుని ఆ కథకు ఏనుగులు కూడా చేర్చి చెప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. రెండు వేల సంవత్సరం దాటినాక కరువు ఏళ్లు కొన్ని నడిచి, కుందూలో మళ్లీ నీళ్లు కనబడిన కాలం. మా బావ పేరు చిన్నోబులేసు. ఆయన అన్న పేరు పెద్దోబులేసు. వాళ్ల నాయనకు కొడుకులను కనే ఓపిక ఉండింది గానీ పేర్లు వెతుక్కునే ఓపిక లేకపోయింది. ఇద్దరికీ ఏటి ఒడ్డున ఒకటే మోటారు. కరువులో మడుగు చిక్కిపోయేసరికి ఈ రోజు నీది, ఈ రోజు నాది అనే దగ్గర మాట పెరిగింది. ఒకనాడు పెద్దోబులేసు మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. చిన్నోబులేసు పోయి అడిగినాడు. పార లేచింది. మా బావ నొసట ఇప్పటికీ ఆ గీత ఉంది.

అప్పటి నుంచి ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు ముట్టలేదు. పెద్దోళ్లు ముఖాలు తిప్పుకుని బతికేస్తారు, అది వేరే. కానీ రెండిళ్లలోనూ మీసాలొచ్చిన కొడుకులున్నారు. వాళ్ల మోటారు సైకిళ్ల పెట్టెల్లో రాళ్లు తిరగడం మొదలైంది. సుబ్బమ్మత్త అప్పటికే మంచం పట్టింది. ఆమె భయమంతా ఒకటే. తాను పోయిన రోజు, పాడె ఎవరు ముందు పట్టాలనే దగ్గర ఈ పిల్లోళ్లు ఒకరినొకరు చంపుకుంటారని. కళ్లు మూసేలోగా ఇద్దరూ ఒక కూడు తినాలని పట్టు పట్టింది.

ఆ దిక్కున మాటల రాజీ రాజీ కాదు. ఒక పొయ్యి మీద వండింది ఇద్దరూ తిని, ఒకే చెంబు నీళ్లతో చేతులు కడుక్కోవాలి. విస్తరి ముట్టకుండా ఎవరైనా లేచినారంటే మళ్లీ ఆ మాట ఎత్తేవాడు ఉండడు. మధ్యవర్తిగా నన్ను పిలిచినారు. పెద్దరికం చూసి కాదు. ఇద్దరూ ఏకాభిప్రాయంతో పనికిమాలినోడిగా లెక్కేసింది నన్నొక్కడినే.

వంట ఎవరింట్లోనూ కాకుండా ఏటి ఒడ్డున మోటారు రూము పక్కన పెట్టించినాను. పొట్టేలు పెద్దోబులేసుది, బియ్యమూ రాగిపిండీ చిన్నోబులేసువి. పొట్టేలు పొద్దున నా కళ్ల ముందే తెగింది. ఇత్తడి గుండిగలో కూర, సత్తు గుండిగల్లో అన్నమూ సంగటీ. కూర దింపుతుంటే వంటాయన కార్జం ముక్కొకటి తీసి నా చేతిలో పెట్టినాడు. నాలుక కాల్చుకుని తిన్నాను. అంత కమ్మని ముక్క నేను అంతకుముందు తినలేదు, ఆ తర్వాత ఏ ముక్కా తినలేదు. ఇది సాక్ష్యం, గుర్తుపెట్టుకోండి.

అత్తకు నోట్లో పండ్లు లేవు, మాత్రలు వేసుకోవాలి, పెందలాడే తినాలి. అందుకని అక్క అవే గుండిగల్లోంచి కొంచెం సంగటి, కొంచెం కూర పులుసు ముందుగానే తీసి ఒక చిన్న సత్తు గిన్నెలో పిసికి, మూత పెట్టి, ఆమె మంచం కింద ఉంచింది. మంచంతో సహా ఆమెను అప్పటికే మోసుకొచ్చి నీడన దించి ఉన్నాం. కొడుకులు వచ్చేదాకా తిననని ఆమె మొండికేసింది. ఆ గిన్నెను కూడా గుర్తుపెట్టుకోండి.

మిట్టమధ్యాహ్నం వచ్చినారు. ఈ పక్క ఒక గుంపు, ఆ పక్క ఒక గుంపు, మధ్యలో పరిచిన విస్తర్లు. ఎవరూ కూచోరు. ముందు కూచున్నోడు తగ్గినట్టు. ఎండ మాడుస్తోంది, కూర ఆవిర్లు కక్కుతోంది, అన్నదమ్ములిద్దరూ చెరొక దిక్కు చూస్తా చెరొక తుమ్మచెట్టులా నిలబడినారు. పెద్దోబులేసు కొడుకు ఒకడు వాచీ చూసుకున్నాడు. ఇంకొంచెం సేపుంటే వెనక్కి తిరిగి పోతారని నాకు తెలిసిపోయింది.

ఇట్లాంటప్పుడు నవ్వించడం తప్ప నాకు వచ్చిన విద్య లేదు. గుండిగ దగ్గరికి పోయి, మూత తీసి, చెయ్యి ఎత్తి గొంతు నిండా పిలిచినాను.

"రాండప్పా, కూచోండి. దండిగా ఉండాది. దండు దిగినా తరగదు."

మా దిక్కున పెళ్లిళ్లలో అందరూ అనే మాటే. అలవాటు కొద్దీ దొర్లుకుంటూ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అక్క చేతిలోంచి నీళ్ల చెంబు జారింది. వంటాయన గంటె గుండిగలో వదిలేసి రెండు అడుగులు వెనక్కి పోయినాడు.

నేను మొదట గమనించింది కుక్కలను. పొద్దున పొట్టేలును కోసినప్పటి నుంచి ఊరి కుక్కలన్నీ నాలుకలు చాపి చుట్టూ కూచుని ఉండినాయి. అవన్నీ లేచినాయి. మొరగలేదు, పరిగెత్తలేదు. తోకలు కాళ్ల మధ్య పెట్టుకుని, ఒకదాని వెనక ఒకటి ఊరి దిక్కు నడిచి పోయినాయి.

తర్వాత వాసన. ముందు గుర్రం వాసన వచ్చింది. నేను చిన్నప్పుడు పత్తికొండలో జట్కాలు నిలబడే చోట ఆడుకున్నోణ్ణి, ఆ వాసన నాకు తెలుసు. చెమట పట్టిన తోలు, ఉచ్చ, తడిసి మురిగిన గడ్డి. ఆ ఊర్లో గుర్రం లేదు. గుర్రాన్ని పెట్టుకునే స్తోమత ఉన్నోడూ లేడు. దాని వెనకాలే నీళ్లలో నాని పగిలిన కళేబరం వాసన. అది ముక్కుతో పీల్చే వాసన కాదు, నాలుక మీద కూచునే వాసన.

గుండిగలోకి చూసినాను. చూడకుండా ఉండాల్సింది. ఎర్రగా నూనె తేలుతున్న కూర బూడిద రంగుకు తిరిగి, పైన నురగ కట్టి బుడగలు వేస్తోంది. అన్నం హస్తం గంటెతో ఎత్తితే జిగట తీగలు సాగింది. సంగటి ముద్ద ఒకటి వంటాయన విరిచి చూసినాడు, లోపల పచ్చగా బూజు. పురుగులు కూడా చూసినానంటే కథ ఇంకా బాగుంటుంది. చూడలేదు. కంపు మాత్రం చాలు. గుంపుల్లో ఇటు ముగ్గురు, అటు నలుగురు పక్కకు పోయి కక్కుకున్నారు.

అప్పుడు పెద్దోబులేసు కొడుకు, వాచీ చూసుకున్నోడే, నెమ్మదిగా అడిగినాడు. "ఏం కలిపినారప్పా దీంట్లో?"

మా బావ కొడుకు అంతకంటే నెమ్మదిగా, "పొట్టేలు మీ ఇంటిదే గదన్నా. బతికుండంగ కోసినారా, సచ్చినాక కోసినారా?" అన్నాడు.

ఎవరూ అరవలేదు. రెండు పక్కలా మనుషులు మెల్లగా కిందికి వంగుతున్నారు. ఏటి ఒడ్డు కదా, రాళ్లకు కరువు లేదు. రాజీ కోసం పిలిపించుకున్న మనిషిని, నా నోటి మాటతోనే శవాలు లేస్తాయని అర్థమైంది.

మంచం మీద నుంచి సుబ్బమ్మత్త గొంతు వచ్చింది. పెద్దగా కూడా లేదు.

"ఇసం కాదురా. దండు తినిపోయె. ఈయప్ప పిల్చె, అది వచ్చె. అంతే."

వంగినోళ్లు వంగినట్టే ఆగినారు. ఆమె అక్క దిక్కు తిరిగి, "నా గిన్నె యాడ పెట్నావు? తే" అంది.

అక్క మంచం కిందికి వంగి గిన్నె తీసింది. మూత తీస్తుంటే నేను ముక్కు మూసుకున్నాను. అక్కర్లేకపోయింది. సంగటి ముదురు రంగులో మెరుస్తోంది, పులుసు ఎర్రగా ఉంది. ఆ కంపు మధ్యలో ధనియాల వాసన వచ్చింది. అవే గుండిగల్లోంచి తీసిన కూడు, అదే నీడ, అదే ఒడ్డు. నేను నోరు తెరవక ముందు తీసింది, అంతే తేడా.

అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగింది. అందరూ ఆమె గొంతు దిక్కే చూస్తున్నారు. గిన్నె పైకెత్తి కొడుకులకు చూపింది.

"ఇంత ఉండాది. ముగ్గురికి సాలదు. రాండి."

ఎవరు ముందు కదిలినారో నేను చూడలేదు. చూసినట్టు చెప్పుకునేవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. మంచానికి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నేల మీద కూచున్నారు. ఇద్దరివీ నెరిసిన తలలు. పెద్దోనికి ఒక ముద్ద పెట్టింది, చిన్నోనికి ఒక ముద్ద పెట్టింది. సంగటిని ఎవరూ నమలరు, పులుసులో జార్చి మింగుతారు. పెద్దోబులేసు ఆ ఒక్క ముద్దను ఎంత సేపు నమిలినాడో. తమ్ముని నొసటి గీత వైపు చూస్తా నమిలినాడు. గిన్నె అయిపోయింది. అక్క జారవిడిచిన చెంబులోనే అడుగున మిగిలిన నీళ్లతో ఇద్దరూ వేళ్ల కొనలు తడుపుకున్నారు.

ఆ తర్వాత ఆమె నన్ను చూసింది. దండును పిలిచినోడే సాగనంపాలంట.

గుండిగలన్నీ నేనొక్కణ్ణే గుర్రాలగుంతకు ఈడ్చుకుపోయి పారబోసినాను. ఎవరూ చెయ్యి వేయలేదు. కూర నా కాళ్ల మీద పడింది, చల్లగా. పొయ్యి మీది నుంచి దిగి ఇంకా గంట కూడా కాని కూర అది. నేను పదో తరగతిలో తిన్నది కూడా ఆ గుంత దగ్గర కక్కినాను. ఈ ఒక్క వాక్యాన్ని పదితో భాగించుకోండి. కక్కడం అయినాక అత్త చెప్పి పంపిన మాట గుంతకు చెప్పినాను. "అయిపోయింది. ఇంగేం లేదు."

వాసన కదిలింది. బస్సు పక్కనుంచి పోయినట్టు నన్ను రాసుకుంటూ పోయింది. ఏట్లో నీళ్లు కదల్లేదు. కానీ అవతలి ఒడ్డున మేస్తున్న బర్రెలు ఒక్కసారిగా తలలెత్తి, లారీకి దారి ఇచ్చినట్టు రెండు పక్కలకూ తప్పుకున్నాయి. చాలాసేపు అట్లే నిలబడినాయి. చాలాసేపు, ఎందుకంటే పోయేది ఒకరో ఇద్దరో కాదు కదా. తర్వాత తలలు దించి మళ్లీ మేసినాయి.

కర్నూలులో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడొకడు ఉన్నాడు. అంతా విని, ఇత్తడి గుండిగకు కళాయి పోయి చిలుము పట్టి ఉంటుందన్నాడు. సత్తు గుండిగలకు కళాయి ఏంటప్పా అన్నాను. ఎండకు పాసిపోయింటుందన్నాడు. మంచం కింద గిన్నె? అది నీడ అన్నాడు. కూర కూడా నీడలోనే ఉండింది. అందరికీ ఒకేసారి భ్రమ కలుగుతుందని పుస్తకాల్లో ఉందన్నాడు. కుక్కలు కూడా ఆ పుస్తకాలు చదివినాయా అని అడిగినాను. నువ్వు చెప్పేదాన్ని పదితో భాగించాలంట గదా అని నవ్వినాడు. మా ఆవిడ వాడికి కూడా చెప్పిపెట్టింది.

అత్త ఆ తర్వాత కొంతకాలం బతికింది. ఒకసారి పక్కన కూచుని, అసలు ఆ దండు ఎవరిదత్తా అని అడిగినాను. ఆమెకైనా తెలుసేమోనని.

"తినేటోల్లది నాయనా" అంది. "ఆకలైన దండుకు పేరేముంటాది?"

ఆమె పోయిన రోజు పాడెకు ముందు రెండు కొమ్మలూ ఇద్దరు కొడుకులూ పట్టినారు. మనవళ్లు వెనక పట్టినారు. దినం భోజనాల దగ్గర నన్ను గుండిగలకు ఆమడ దూరంలో కూచోబెట్టినారు. మోటారు ఇప్పటికీ ఒకటే.

నాకు మాత్రం మిగిలింది అసహ్యం. భయం అయితే ఎప్పుడో పోయేది. బళ్లో యుద్ధాల పాఠం చదివినప్పుడు కత్తులూ డాలులూ కిరీటాలూ కనబడేవి. ఇప్పుడు టీవీలో ఎక్కడో ఎవరో సైన్యాన్ని దించినారని వార్త వస్తే చాలు, నా నాలుక మీద ఆ రుచి వస్తుంది. బూడిద రంగు కూర, జిగట అన్నం. మాంసం మానేసినాను. ఆ కార్జం ముక్కే ఆఖరు. గోళ్ల కింద ఆ కంపు ఉందేమోనని ఇప్పటికీ వాసన చూసుకుంటాను. అంగడికొచ్చే రైతులు ఏదో చెడ్డ అలవాటు అనుకుంటున్నారు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఏనుగులను చేర్చి చెప్పే నా నోటికి, ఈ ఒక్కదానికి ఏం చేర్చాలో, ఏం తీసేయాలో తోచదు.

మా ఇంటికి చుట్టాలొస్తే మా ఆవిడ వండి, గిన్నెలన్నీ తెచ్చి వరసగా పెట్టి, నన్ను చూస్తుంది. నమ్మదు గానీ చూస్తుంది. నేను గిన్నెల పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "ఏదో సాలీ సాలకుండా ఉండాది, తినండి" అంటాను. వాళ్లు మొహమాటపడి సగం కడుపుతో లేచిపోతారు. పత్తికొండలో మాది పిసినారి ఇల్లని పేరు పడిపోయింది.

పడనీ.